పైపులో ఆయిలు, నీళ్లు, గ్యాసు కలిసి వస్తుంటే కెపాసిటెన్స్ మీటరు ఒక్కటే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: గ్యాదరింగ్ స్టేషన్‌కి (చుట్టుపక్కల బావుల నుంచి ఆయిలు వచ్చి చేరే చోటు) వచ్చే 4 అంగుళాల లైనులో ఆయిలు, నీళ్లు, కొంచెం గ్యాసు కలిసి వస్తున్నాయి. వాటర్ కట్, అంటే ద్రవంలో నీళ్ల వంతు, 60 నుంచి 80 శాతం మధ్య ఆడుతోంది. ఇప్పుడున్న మాగ్నెటిక్ ఫ్లోమీటరు చూపించేది ట్యాంకు డిప్ తీసి (లోపలి మట్టం కొలిచి) వేసిన లెక్క కంటే ప్రతిసారీ ఎక్కువే వస్తోంది. ఈలోగా ఒక వెండరు వచ్చి "కెపాసిటెన్స్ మీటరు పెట్టుకోండి, మూడింటినీ అదే కొలిచేస్తుంది, టెస్ట్ సెపరేటరు ఇక అక్కర్లేదు" అన్నాడు. అతని మాట నమ్మొచ్చా?

నమ్మకండి. మీ లైనుకి కెపాసిటెన్స్ అసలు సరిపడదు. నీళ్లు అంత ఎక్కువగా ఉన్నప్పుడు పనికొచ్చేది కండక్టెన్స్, అంటే కరెంటు ఎంత సులువుగా పోతుందో కొలవడం. అది కూడా ఫ్లో కొలవదు. ఎలక్ట్రోడ్ల మధ్య ఈ క్షణాన నీళ్లు ఎంత వంతు ఉన్నాయో చెబుతుంది, అంతవరకే. ఆ నీళ్లు ఎంత జోరుగా పోతున్నాయో తెలియాలంటే ఇంకో కొలత కావాలి. ఆయిలునీ గ్యాసునీ విడదీసి చూడాలంటే మూడోది కావాలి. మూడింటినీ విడదీసి కొలిచే మీ టెస్ట్ సెపరేటరుని మాత్రం ఉంచుకోండి.

ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో నాకు ఇరవై ఆరేళ్ల సర్వీసు. అందులో సగం గోదావరి జిల్లాల్లో బావుల దగ్గర, మిగతా సగం గల్ఫ్‌లో. ఈ మీటర్లతో నేను పడ్డ తిప్పలన్నీ దాదాపు ఒకే పొరపాటు వల్ల వచ్చినవి. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు కెపాసిటెన్స్ సంగతి. కెపాసిటెన్స్ ఎంత ఉంటుందన్నది ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న పదార్థం పెర్మిటివిటీని బట్టి ఉంటుంది. గ్యాసు పెర్మిటివిటీ 1. క్రూడ్ ఆయిల్‌ది సుమారు 2.2. నీళ్లది గది వేడి దగ్గర 80కి దగ్గర. ఇంత తేడా ఉంది కాబట్టే ఆయిలులో చిన్న చిన్న నీటి బొట్లు కలిసినా కెపాసిటెన్స్ గబుక్కున పెరుగుతుంది. 10 శాతం నీళ్లకి మిశ్రమం పెర్మిటివిటీ 3 దాకా వస్తుంది, 20 శాతానికి 4 దాటుతుంది, 30 శాతానికి 6 పైన. చాలా సున్నితమైన కొలత. ఇంతవరకు వెండరు మాట నిజమే. డెమోలో చూపించేది కూడా ఈ భాగమే.

అయితే ఇదంతా ఆయిలు బయట ఉండి, నీళ్లు అందులో బొట్లుగా ఉన్నంతసేపే. మీగడ చిలికి వెన్న తీసేటప్పుడు ఏం జరుగుతుందో చూడండి. మీగడలో నీళ్లు బయట ఉంటాయి, కొవ్వు బొట్లుగా ఉంటుంది. కవ్వం ఆడించగా ఆడించగా ఒక దశలో అది తిరగబడుతుంది. కొవ్వు ముద్ద కట్టి, నీళ్లే దాని లోపల బొట్లుగా మిగులుతాయి. పైపులో కూడా ఇలాంటి తిరగబాటు ఉంది, మనవాళ్లు ఫేజ్ ఇన్వర్షన్ అంటారు. నీళ్లు పెరుగుతూ పోతే ఒక చోట ఆయిలు బొట్లయిపోయి నీళ్లు బయటికి వస్తాయి. ఆ చోటు ఫలానా శాతం అని గీత గీసి చెప్పలేం. ఆయిలు చిక్కదనం, వేగం, ఎమల్షన్‌ని (కలిసిపోయిన ఆయిలు, నీళ్లని) విడగొట్టడానికి వేసే కెమికల్, వీటిని బట్టి 40 నుంచి 70 శాతం మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. పైగా నీళ్లు పెరుగుతున్నప్పుడు ఒక చోట తిరగబడితే, తగ్గుతున్నప్పుడు ఇంకో చోట తిరగబడుతుంది.

నీళ్లు బయటికి వచ్చాక ఎలక్ట్రోడ్ల మధ్య తెగకుండా ఉప్పునీటి దారి ఏర్పడుతుంది. అది షార్ట్ సర్క్యూట్ లాంటిది. ఇక కెపాసిటెన్స్ కొలవడానికి ఏమీ మిగలదు. ఫ్రీక్వెన్సీ పెంచితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. మామూలు కుళాయి నీటి కండక్టివిటీ మీటరుకి 0.05 సీమెన్స్ అనుకుంటే, అది రెసిస్టరులా ప్రవర్తించడం మానేసి కెపాసిటర్‌లా మారడానికి దాదాపు 11 మెగాహెర్ట్జ్ దాటాలి. సముద్రపు నీటికి కండక్టివిటీ మీటరుకి 5 సీమెన్స్, అంటే వంద రెట్లు. కాబట్టి ఫ్రీక్వెన్సీ కూడా వంద రెట్లు, 1 గిగాహెర్ట్జ్ పైన. బావి నుంచి వచ్చే నీళ్లు చాలా చోట్ల సముద్రపు నీటికి దగ్గరగానో అంతకు మించో ఉప్పగా ఉంటాయి. ఎక్కువ వాటర్ కట్‌కి మైక్రోవేవ్ మీటర్లు వాడటానికి కారణం ఇదే. వాటి ఖరీదు వేరు, వాటి గొడవ వేరు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక స్టేషన్‌లో కొత్తగా కెపాసిటెన్స్ ప్రోబ్ పెట్టారు. వారం రోజులు చక్కగా 25, 28, 30 అని చూపించింది. తర్వాత ఒక రాత్రి ఉన్నట్టుండి 100కి ఎగిరి అక్కడే కూర్చుంది. ప్రోబ్ పోయిందని ఒకరు, కేబుల్‌లో నీళ్లు దిగాయని ఒకరు. నేను, ఒక టెక్నీషియన్ అన్న కలిసి రెండు రోజులు ఆ కేబులుని అడుగడుగునా మెగ్గర్ చేశాం, అంటే ఇన్సులేషన్ పరీక్షించాం. మూడో రోజు కెమిస్ట్ గారు శాంపిల్ తీసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి "నీళ్లు 58 శాతం బాబూ" అన్నారు. ప్రోబ్ బానే ఉంది. పక్క బావిని ఆ లైనులోకి తిప్పారు, మాకు చెప్పలేదు. మిశ్రమం తిరగబడింది, ప్రోబుకి నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ అన్న రిటైరయ్యేదాకా నన్ను "మెగ్గర్ బాబు" అనే పిలిచేవాడు.

ఇప్పుడు మీకు పనికొచ్చే కండక్టెన్స్. ఇక్కడ లెక్క సులువు. ఆయిలుకీ గ్యాసుకీ కరెంటు పోనిచ్చే గుణం నీటితో పోలిస్తే లేనట్టే. నీళ్లలో అవి ఎంత ఆక్రమిస్తే కండక్టివిటీ అంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో మాక్స్‌వెల్ 1873లోనే లెక్క కట్టాడు, బ్రూగెమాన్ 1935లో దాన్ని బొట్లు ఒత్తుగా ఉన్న మిశ్రమాలకి కూడా సరిపోయేలా చేశాడు. బ్రూగెమాన్ సూత్రం గుర్తుంచుకోవడం తేలిక: నీటి వంతుని ఒకటిన్నర ఘాతానికి ఎత్తాలి. నీళ్లు 80 శాతం ఉంటే మిశ్రమం కండక్టివిటీ మామూలు నీటి కండక్టివిటీలో 72 శాతం, 70 ఉంటే 59 శాతం, 60 ఉంటే 46 శాతం. మీ పరిధిలో మంచి తేడా వస్తుంది.

కానీ రెండు చిక్కులున్నాయి, రెండూ మిమ్మల్ని పట్టుకునేవే.

మొదటిది, కండక్టెన్స్‌కి ఆయిలూ గ్యాసూ ఒకటే. రెండూ కరెంటుని అడ్డుకుంటాయి. మీటరు "నీళ్లు 65 శాతం" అంటే మిగతా 35లో ఆయిలు ఎంత, గ్యాసు ఎంత అన్నది దానికి తెలియదు. మొత్తం ఆయిలే అనుకుని లెక్క కడితే మీ బావికి లేని ఆయిలు కాగితం మీద పుట్టుకొస్తుంది. ప్రొడక్షన్ రిపోర్టు చూసి పైవాళ్లు సంతోషిస్తారు, నెలాఖరున ట్యాంకు దగ్గర తేలుతుంది. అందుకే అసలైన మల్టీఫేజ్ మీటర్లలో (మూడూ కలిసి ఉండగానే కొలిచేవాటిలో) ఎలక్ట్రికల్ సెన్సరుతో పాటు గామా కిరణాలతో సాంద్రత కొలిచే గామా డెన్సిటోమీటరో, పైపుని సన్నం చేసి ప్రెషరు తేడా చూసే వెంచురీనో, రెండూనో ఉంటాయి. సాంద్రత తెలిస్తేనే గ్యాసు విడిపోతుంది.

రెండోది నీటి ఉప్పదనం, వేడి. సూత్రంలో ఉన్నది "మామూలు నీటి కండక్టివిటీలో ఎంత వంతు" అని. ఆ మామూలు నీటి కండక్టివిటీ ఎంతో మీకు తెలియాలి. అది డిగ్రీకి దాదాపు 2 శాతం పెరుగుతుంది. తెల్లవారుజామున స్టార్ట్ చేసిన లైను మధ్యాహ్నానికి 10 డిగ్రీలు వేడెక్కితే 20 శాతం తేడా. టెంపరేచర్ దిద్దుబాటు లేకుండా వదిలేస్తే, నిజంగా 70 శాతం ఉన్న నీళ్లని మీటరు 79 అని చూపిస్తుంది. ఆయిలు వంతు 30 నుంచి 21కి పడిపోయినట్టు. బావిలో ఏ మార్పూ లేదు, ఎండ ఎక్కింది అంతే.

ఉప్పదనం ఇంకా మోసం చేస్తుంది. ఒకసారి మా దగ్గర ఒక బావికి వర్కోవర్, అంటే మరమ్మతు, చేశారు. వర్కోవర్‌లో బావిని అదుపులో ఉంచడానికి పొటాషియం క్లోరైడ్ కలిపిన బ్రైన్ (ఉప్పునీళ్లు) పోస్తారు కదా, బావి మళ్లీ తెరిచాక ఆ బ్రైనే ముందు బయటికి వస్తుంది. మా మీటరు నీళ్లు 90 శాతం పైన చూపించింది. బావి పాడైపోయిందని పెద్ద టెన్షన్, ఇంత ఖర్చు పెట్టి నీళ్లు తెచ్చుకున్నామని చర్చలు. సెంట్రిఫ్యూజ్‌లో చూస్తే 65. వచ్చే నీళ్లు మునుపటి నీళ్ల కంటే ఒకటిన్నర రెట్లకు పైగా కరెంటుని పోనిస్తున్నాయి, మీటరులో మాత్రం పాత నీటి విలువే వేసి ఉంది. మూడు వారాల్లో బ్రైన్ అంతా వచ్చేశాక మీటరు దానంతటదే దారికొచ్చింది. దీనికి తిరగేసిన కేసు కూడా ఉంటుంది: ఉప్పు పేరుకుందని లైనులోకి మంచినీళ్లు వదిలితే, మీటరు ఒక్కసారిగా ఆయిలు పెరిగిందంటుంది.

దీనికి మందు ఉంది. లైనులో ఆయిలు, గ్యాసు చేరని ఒక చిన్న జేబు లాంటిది పెట్టి, అందులో వచ్చి నిలిచే నీటి కండక్టివిటీని ఇంకో జత ఎలక్ట్రోడ్లతో కొలుస్తారు. మీటరు రెండింటి నిష్పత్తి తీసుకుంటుంది. ఉప్పదనం, వేడి రెండు జతలకీ ఒకేలా మారతాయి కాబట్టి నిష్పత్తిలో కొట్టుకుపోతాయి. జేబులో నీళ్లు నిలవ ఉండిపోకుండా, చల్లారిపోకుండా చూసుకోవాలి. అది కుదరని చోట వారానికోసారి శాంపిల్ తీసి, విడిపోయిన నీటిని కండక్టివిటీ మీటరులో పెట్టి, ఆ అంకెని మీటరులో మార్చడం తప్ప దారి లేదు.

ఇక అసలు పొరపాటు. పైన నేనన్నది ఇదే.

రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెనని ఊహించుకోండి. కొవ్వూరు వైపు నుంచి నిమిషానికి పది మోటారు సైకిళ్లు, పది సైకిళ్లు ఎక్కుతున్నాయనుకుందాం. అంటే రాకపోకల్లో సగం సగం. ఇప్పుడు పైనుంచి ఒక ఫోటో తీస్తే వంతెన మీద సగం సగం కనపడతాయా? కనపడవు. సైకిలు నెమ్మది, ఎక్కువసేపు వంతెన మీదే ఉంటుంది. ఫోటోలో సైకిళ్లే రెండు మూడింతలు కనిపిస్తాయి. ఎలక్ట్రోడ్లు తీసేది ఈ ఫోటోనే. మీకు కావలసింది మాత్రం నిమిషానికి ఎన్ని దాటాయన్న లెక్క.

పైపులో గ్యాసు మోటారు సైకిలు. నిలువు పైపులో పైకి వెళ్తున్నప్పుడు అది ద్రవాన్ని దాటుకుని పోతుంది. జుబర్, ఫిండ్లే 1965లో ఇచ్చిన డ్రిఫ్ట్ ఫ్లక్స్ లెక్క (గ్యాసు ద్రవాన్ని ఎంత దాటిపోతుందో చెప్పేది) వేస్తే, 4 అంగుళాల నిలువు పైపులో గ్యాసు, నీళ్లు సమానంగా, ఒక్కొక్కటీ పైపు మొత్తం తనదే అయితే సెకనుకి 1 మీటరు వేగం వచ్చేంత పరిమాణంలో పోతూ, గ్యాసు పెద్ద బుడగలుగా వెళ్తుంటే, పైపులో గ్యాసు ఆక్రమించే చోటు 50 శాతం కాదు, 36 శాతమే. ఫోటోలో 36, ప్రవాహంలో 50. కండక్టెన్స్ చూపించిన 36ని తీసుకెళ్లి నేరుగా ఫ్లోతో గుణిస్తే గ్యాసు తక్కువ, ద్రవం ఎక్కువ వస్తుంది. ఆయిలు, నీళ్ల మధ్య కూడా ఈ తేడా ఉంది కానీ బాగా కలిసిపోయి వేగంగా వెళ్తుంటే చిన్నది, పట్టించుకోనక్కర్లేదు. అడ్డంగా ఉన్న లైనులో నెమ్మదిగా వెళ్తుంటే మాత్రం నీళ్లు కింద, ఆయిలు పైన పొరలు కడతాయి. అక్కడ ఏ సూత్రమూ నిలవదు. అందుకే సెన్సరు ఎప్పుడూ నిలువుగా పైకి పోయే ముక్కలో పెట్టండి. వీలైతే దానికి ముందు ఒక బ్లైండ్ టీ (ఒక కొస మూసేసిన T ఆకారపు పైపు ముక్క) ఉండాలి, అందులో గుద్దుకుని అన్నీ కలుస్తాయి.

మీ మాగ్నెటిక్ ఫ్లోమీటరు ఎందుకు ఎక్కువ చూపిస్తోందన్న దానికి జవాబు కూడా ఇప్పటికే వచ్చేసింది, చూశారా? అది కొలిచేది వేగం. ఫారడే సూత్రం: అయస్కాంత క్షేత్రం, పైపు వ్యాసం, వేగం గుణిస్తే వోల్టేజీ. క్షేత్రం 0.01 టెస్లా, పైపు 0.1 మీటరు, వేగం సెకనుకి 2 మీటర్లయితే 2 మిల్లీవోల్టులు. ఆ వేగాన్ని మీటరు మొత్తం పైపు వైశాల్యంతో గుణించి గంటకి దాదాపు 56.5 ఘనపు మీటర్లు అంటుంది. పైపు నిండా ద్రవమే ఉందని దాని నమ్మకం. అందులో 15 శాతం గ్యాసు బుడగలుంటే వాటినీ ద్రవంగానే లెక్కేస్తుంది. ట్యాంకులోకి వెళ్లేసరికి గ్యాసు ఎగిరిపోతుంది, డిప్‌లో 48 మాత్రమే తేలుతుంది. మీటరు తప్పు కాదు, మనం అడిగిన ప్రశ్న తప్పు. మీ మీటరు, డిప్ మధ్య తేడా ఎంత శాతమో నెల రోజులు రాసి చూడండి. లైను ప్రెషరు తగ్గిన రోజున తేడా పెరుగుతుంటే అది గ్యాసే.

ఇలాంటిదే ఇంకోటి. సెపరేటరు కింద నీళ్లు పోయే లైనులో పెట్టిన మాగ్నెటిక్ మీటరు ఎప్పుడూ గెంతుతూ ఉండేది. అక్కడ గ్యాసు ఉండడానికే వీల్లేదు, సెపరేటరు దాటి వచ్చిన నీళ్లు కదా అని అందరి వాదన. చూస్తే మీటరు లెవెల్ కంట్రోల్ వాల్వు తర్వాత ఉంది. వాల్వు దగ్గర ప్రెషరు పడిపోగానే నీళ్లలో కరిగి ఉన్న గ్యాసు, సోడా మూత తీసినట్టు బుడగలై బయటికి వస్తోంది. షట్‌డౌన్ తీసుకుని మీటరుని వాల్వుకి ముందుకి మార్చాం. ఆ తర్వాత దాని ఊసే లేదు.

ఫారడే గురించి ఒక ముక్క, పనికి సంబంధం ఉంది కాబట్టే. 1832లో ఆయన లండన్‌లో వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలో లోహపు ప్లేట్లు దించి, భూమి అయస్కాంత క్షేత్రంలో నది పారుతుంటే పుట్టే వోల్టేజీని పట్టుకోవాలని చూశాడు. కుదరలేదు. ప్లేట్ల దగ్గరే పుట్టే రసాయన వోల్టేజీలు అసలు సిగ్నల్‌ని మింగేశాయి. ఎలక్ట్రోడ్ దగ్గర పుట్టే ఈ పీడ ఇప్పటికీ మనల్ని వదల్లేదు. కండక్టెన్స్‌కి డీసీ ఎప్పుడూ వాడకండి. ఎలక్ట్రోడ్ల మీద గ్యాసు పుడుతుంది, లోహం తింటుంది, రీడింగు గంటగంటకీ జారుతుంది. నేను 10 నుంచి 100 కిలోహెర్ట్జ్ మధ్య ఏసీ వాడేవాణ్ణి. మైనం ఎక్కువ ఉన్న క్రూడ్ అయితే ఎలక్ట్రోడ్ల మీద పొర కడుతుంది. అప్పుడు మీటరు నీళ్లు తగ్గాయంటుంది. పొర నెమ్మదిగా కడుతుంది కాబట్టి బావి బాగుపడుతున్నట్టే అనిపిస్తుంది. వాటర్ కట్ వారాల తరబడి ఒకే వైపు నున్నగా తగ్గుతూ వస్తే నేను ముందు ఎలక్ట్రోడ్లు విప్పి చూస్తాను.

వేగం కూడా ఎలక్ట్రికల్‌గానే కొలవాలంటే ఒక మంచి ఉపాయం ఉంది. ఒకేలాంటి రెండు జతల ఎలక్ట్రోడ్లు 10 సెంటీమీటర్ల దూరంలో పెడతారు. బుడగల గుంపు మొదటి జత దగ్గర ఒక ఆకారంలో సిగ్నల్ ఇస్తుంది, కాసేపటికి దాదాపు అదే ఆకారం రెండో జత దగ్గర వస్తుంది. ఆలస్యం 40 మిల్లీసెకన్లయితే వేగం సెకనుకి 2.5 మీటర్లు. ఇది క్రాస్ కోరిలేషన్. సెకనుకి వెయ్యి శాంపిల్స్ తీసుకుంటే ఒక శాంపిల్ తేడాకే 2.5 శాతం తప్పు వస్తుంది, కాబట్టి శాంపిల్స్ ఇంకా ఎక్కువ తీసుకోవాలి. జతల మధ్య దూరం మరీ పెంచితే ఆకారం మారిపోయి పోలిక దొరకదు. గల్ఫ్‌లో స్లగ్‌లు (గ్యాసు మధ్య మధ్యలో పైపు నిండా ముద్దగా వచ్చే ద్రవం) ఎక్కువగా వచ్చే లైన్ల మీద దీన్ని చాలా వాడాను. అక్కడ తెలిసొచ్చింది ఏంటంటే, దొరికే వేగం ఆ అల వేగమే తప్ప ద్రవం వేగం కాదు. స్లగ్ ముందు అంచు మొత్తం మిశ్రమం సగటు వేగం కంటే సుమారు 1.2 రెట్లు వేగంగా పోతుంది. దాన్ని అలాగే వాడితే 20 శాతం ఎక్కువ రాసుకుంటాం. ఇంకో సంగతి, అన్నీ మరీ బాగా కలిసిపోయి పాలలా నున్నగా పోతుంటే కోరిలేషన్‌కి ఆకారమే దొరకదు. వాటర్ కట్ కొలతకి కలవాలి, కోరిలేషన్‌కి కలవకూడదు. రెండూ ఒకే చోట కావాలంటే కష్టం.

టోమోగ్రఫీ గురించి కూడా అడిగారు కానీ మీ అవసరానికి అది ఎక్కువ. పైపు చుట్టూ 12 ఎలక్ట్రోడ్లు పెట్టి ప్రతి జత మధ్యా కెపాసిటెన్స్ కొలిస్తే 66 కొలతలు వస్తాయి, వాటితో పైపు అడ్డుకోత బొమ్మ గీయొచ్చు. 1980ల్లో మాంచెస్టర్‌లో మారిస్ బెక్ బృందం దీని మీద చాలా పని చేసింది. కండక్టెన్స్‌తో అయితే సాధారణంగా 16 ఎలక్ట్రోడ్లు, 104 కొలతలు. బొమ్మ మసకగా ఉంటుంది, ఎందుకంటే విద్యుత్ క్షేత్రం ఎక్స్‌రేలా నిటారుగా పోదు, లోపల ఏముందో దాన్ని బట్టి వంగిపోతుంది. పైపులో పొరలు కట్టాయా, స్లగ్ వస్తోందా అని చూడటానికి బాగుంటుంది. బిల్లింగ్‌కి కాదు. జర్మనీలో రోసెన్‌డార్ఫ్ పరిశోధన కేంద్రం వాళ్లు 1998లో వైర్ మెష్ సెన్సరు అని ఒకటి తెచ్చారు, పైపుకి అడ్డంగా సన్నని తీగల వల వేసి ప్రతి కూడలి దగ్గరా కండక్టివిటీ కొలుస్తారు. బొమ్మ అద్భుతంగా వస్తుంది, ల్యాబులో. మీ లైనులో ఇసుక, మైనం, పిగ్గు (పైపు లోపల తోసి శుభ్రం చేసే ముక్క) వస్తాయి. వల ఒక్క రోజు ఉండదు.

సరే, మీ లైనుకి నేనైతే ఏం చేస్తాను? మూడు ఫేజ్‌లని ఒకేసారి కొలిచే మీటరు వెంట పడను. ముందు గ్యాసుని తీసేస్తాను. చిన్న నిలువు నాకౌట్ పాట్ (గ్యాసు పైనుంచి, ద్రవం కింద నుంచి బయటికి పోయే పాత్ర) చాలు, పూర్తి సెపరేటరు అక్కర్లేదు, ఆయిలు, నీళ్లు విడిపోనక్కర్లేదు. కింద నుంచి వచ్చే ద్రవంలో 2, 3 శాతం గ్యాసు మిగిలినా ఫరవాలేదు. ఆ ద్రవం లైనులో, కంట్రోల్ వాల్వుకి ముందు, నిలువు ముక్కలో మీ పాత మాగ్నెటిక్ మీటరే పెడతాను. అది మొత్తం ద్రవం చెబుతుంది. దాని పక్కనే కండక్టెన్స్ సెల్, టెంపరేచర్ సెన్సరుతో. అది నీటి వంతు చెబుతుంది. రెండూ గుణిస్తే నీళ్లు, మిగిలింది ఆయిలు. పైనుంచి పోయే గ్యాసుకి ఆరిఫైస్ మీటరు (రంధ్రం ఉన్న ప్లేటుకి అటూ ఇటూ ప్రెషరు తేడా చూసి ప్రవాహం చెప్పేది). పాట్ కాక కొత్తగా కొనే మీటరు కండక్టెన్స్ సెల్ ఒక్కటే, ఆరిఫైస్ మీ స్టోర్స్‌లోనే దొరకొచ్చు.

గ్యాసు కొద్దిగానే ఉంది కదా, పాట్ ఎందుకు అనకండి. దానికి తిరగేసిన చోట, అంటే గ్యాసు 95 శాతం ఉండి ద్రవం 5 శాతమే ఉన్న బావుల దగ్గర, ఒక్క పాయింటు తప్పు కొలిస్తే ద్రవంలో అది 20 శాతం తప్పు అవుతుంది. మీకు అంత కాదు. కానీ మీకు డబ్బు తెచ్చే ఆయిలు 20 నుంచి 40 శాతమే, కండక్టెన్స్ దృష్టిలో గ్యాసు కూడా ఆయిలే. 6 పాయింట్ల గ్యాసు ఉంటే మీ ఆయిలు లెక్క ఎంత ఉబ్బుతుందో మీరే వేసుకోండి.

ఒక హెచ్చరిక. వాటర్ కట్ 60కి వచ్చిన రోజుల్లో మిశ్రమం తిరగబడే ప్రమాదం ఉంది. తిరగబడితే కండక్టెన్స్ సున్నాకి పడుతుంది, మాగ్నెటిక్ మీటరుకి కూడా సిగ్నల్ పోయి పిచ్చి అంకెలు వస్తాయి, దానికి కావలసిన కనీస కండక్టివిటీ సెంటీమీటరుకి 5 మైక్రోసీమెన్స్ కూడా ఉండదు కాబట్టి. రెండూ ఒకేసారి పోయాయంటే మీటర్లు చెడిపోలేదు, ఆయిలు బయటికి వచ్చిందని అర్థం. ఆ గంటల్ని లెక్కలోంచి తీసేసి సెపరేటరు రీడింగు వాడండి. మెగ్గర్ పట్టుకుని బయల్దేరకండి.

ఇంకోటి, ఇది తప్పక పాటించాలి: అక్కడ గ్యాసు ఉంటుంది కాబట్టి సొంతంగా చేసిన సర్క్యూట్ ఏదీ ఆ ఏరియాలోకి తీసుకెళ్లొద్దు. సెల్ అయినా ట్రాన్స్‌మిటర్ అయినా ఆ జోన్‌కి సర్టిఫై అయినదే, నిప్పురవ్వ పుట్టేంత కరెంటు అటు పోకుండా ఆపే బ్యారియర్‌తో సహా ఉండాలి.

మీ ట్రెయినీలకి ఇదంతా అర్థమయ్యేలా చూపించాలంటే ఆఫీసు బల్ల మీద చేయొచ్చు. మీటరున్నర పారదర్శకమైన గొట్టం, ఎదురెదురుగా రెండు స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు, అక్వేరియం పంపు, ఫంక్షన్ జనరేటరు 10 కిలోహెర్ట్జ్ దగ్గర, సిరీస్‌లో ఒక రెసిస్టరు, ఆసిలోస్కోపు. 100 సెంటీమీటర్లు నీళ్లు పోసి గాలి వదలండి. నీటి మట్టం 110కి లేస్తే గాలి 9 శాతం ఉన్నట్టు, కండక్టెన్స్ 87 శాతానికి తగ్గాలి. దగ్గరగా వస్తే సంతోషించండి. తర్వాత చిటికెడు ఉప్పు వేయమనండి. గాలి అలాగే ఉంటుంది, మీటరు మాత్రం గాలే లేదంటుంది. బ్రైన్ కథ వాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

మీ లైను ప్రెషరు ఎంత, నిలువుగా పైకి పోయే ముక్క ఎక్కడైనా మీటరు పొడవు ఉందా, విడిపోయిన నీటి కండక్టివిటీ ల్యాబులో ఎంత వచ్చింది, ఈ మూడూ రాయండి. సెల్ సైజు, ఎలక్ట్రోడ్ల మధ్య దూరం లెక్క వేసి పెడతాను.